జారడ్ ముక్కు మీద జింకు

అడిలైడ్ ఊళ్ళో జింకు ఎక్కడ నక్కినా వాసన పట్టి చెప్పగల మొనగాడు ఒక్కడే ఉన్నాడు. వాడే మీకీ కథ చెబుతున్నాడు. మాలీ ప్రాంతపు గోధుమ పొలాల నడుమ ఒంటిగది బడిలో వాళ్ళు చెప్పినంత చదివి, ఆ తర్వాత యూనివర్సిటీ భవనం కింది అంతస్తులో సామాన్ల గది తాళాలు నడుముకి వేలాడేసుకునే ముసలివాణ్ణయిపోయాను. పై అంతస్తుల్లో పరిశోధనలు చేసే డాక్టర్లకి జింకుని కొలవాలంటే గదంత యంత్రం కావాలి. నాకు ఈ ముక్కు చాలు. అట్టపెట్టె విప్పకుండానే లోపలి సరుకులో జింకు ఉందో లేదో చెప్పేసేవాణ్ణి.

అయితే ఈ కథ నా ముక్కుది కాదు. ఇంకొకడి ముక్కుది. ఆ ముక్కుని చూసి చూసి ఒళ్ళు మండిపోయిన టామ్సిన్ నోస్కేది.

టామ్సిన్‌ది బరోస్సా వైపు. ద్రాక్షతోటల కుటుంబం. ఆ ఇంట్లో తోటలు అన్నదమ్ములు పంచుకుంటే మొండితనం మొత్తం ఈ పిల్లకి వచ్చింది. రెండో అంతస్తులో కిటికీ పక్క బల్ల ఆమెది. చాలా ఏళ్ళు చాకిరీ చేసి ఒక పదార్థం తయారు చేసింది. దాని అసలు పేరు పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి, అందుకని అందరూ మాగ్పై అనేవాళ్ళు. మెరిసేదేదైనా ముక్కున కరుచుకుని ఎగిరిపోయే పక్షి పేరు. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఊళ్ళో ఒక జట్టువాళ్ళు పిలుచుకునే పేరు మందుకి పెట్టినందుకు సగం భవనం ఆమెతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. అది వేరే సంగతి.

మాగ్పై చేసేది అచ్చంగా దొంగతనమే. బాక్టీరియాకి జింకు మన కూరలో ఉప్పులాంటిది. బొత్తిగా లేకపోతే బతకదు, కాస్త ఎక్కువైతే చస్తుంది. అందుకని లోపలికి కాస్త లాక్కుంటూ, బయటికి కాస్త నెట్టేస్తూ, ఎప్పుడూ సరిచూసుకుంటూ ఉంటుంది. మనం వాడే మందులన్నీ హరాయించుకుని ఆసుపత్రి మంచాల మీద మనుషుల్ని చంపుతున్న మొండి బాక్టీరియా కూడా ఈ ఒక్క ఉప్పు దగ్గర దొరికిపోతుందని టామ్సిన్ నమ్మకం. మాగ్పై దాని చుట్టూ ఉన్న జింకునంతా ఎత్తుకుపోతుంది. బాక్టీరియా మాడి చస్తుంది.

చస్తుందా లేదా అని చూసే పద్ధతి కూడా చెప్పాలి, లేకపోతే ఆ అమ్మాయి ఎందుకంత చిరాకుపడిందో మీకు తెలియదు. అరచేయంత ప్లాస్టిక్ ప్లేటు, దాని నిండా వరసలుగా చిన్న చిన్న గుంటలు. గుంటల్లో బాక్టీరియా, దాని తిండి, మాగ్పై పోసి వెచ్చటి పెట్టెలో పెడతారు. మర్నాడు పొద్దున తీసి వెలుతురుకేసి పట్టుకుంటారు. గుంట తేటగా ఉంటే బాక్టీరియా చచ్చింది. పాలచుక్క పడ్డట్టు మబ్బుగా ఉంటే అది తిని, పిల్లల్ని కని, సుఖంగా ఉంది.

మాగ్పై ప్లేట్లు ఒకరోజు తేటగా వచ్చేవి. ఇంకోరోజు మబ్బుగా వచ్చేవి. అదే నీళ్ళు, అదే తిండి, అదే చెయ్యి. బుధవారం గెలిచిన మందు గురువారం ఓడిపోయేది. టామ్సిన్ ఆ ప్లేట్లని తిట్టేది. వెచ్చటి పెట్టెని తట్టేది. ఒకసారి అయితే ప్లేటుని ఎదురుగా పెట్టుకుని, చిన్నపిల్లాడిని అడిగినట్టు, నీకేం కావాలో చెప్పు, అని మెల్లగా అడిగింది. అది వెనకనించి విన్నవాళ్ళు ఉన్నారు, పాపం.

ఆ లాబ్‌కి పెద్ద కాన్ కర్వెలాస్. మంచివాడే, కానీ మంచివాడిగా ఉండటానికి తీరిక ఉండేది కాదు. ఈస్టర్ ముందు మెల్‌బోర్న్ వాళ్ళతో కూర్చుని, రెండు లాబ్‌ల పదార్థాల్లో ఒకదాన్ని ఎలకల మీద పరీక్షకి పంపాలి. ఒక్కదాన్నే. ఆయన టామ్సిన్‌ని గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"వరసగా మూడు ప్లేట్లు తేటగా చూపించమ్మా. నాలుగు అడగడం లేదు. చూపిస్తే నీ పక్షి పక్కన నిలబడి కొట్లాడతాను. లేదంటే కింది సొరుగే."

కింది సొరుగంటే ఆ భవనంలో అందరికీ తెలుసు. వరండా చివర మైనస్ ఎనభై డిగ్రీల చలిలో ఉండే ఫ్రీజర్‌లో అట్టడుగు సొరుగు. పనికిరానివని తేలిన పదార్థాలు అక్కడికి పోయేవి. పోయినది తిరిగొచ్చిన దాఖలా లేదు. మంచు పేరుకుపోయి ఆ సొరుగు లాగితే వచ్చేది కూడా కాదు, కాలితో తన్నాలి.

టామ్సిన్ బయటికొచ్చి బల్ల దగ్గర కూర్చుని ఆలోచించింది. మాగ్పై దొంగతనం చేస్తోంది, కానీ ఎవరో మళ్ళీ జింకు తెచ్చి పోస్తున్నారు. పిసరంత చాలు. దుమ్ములో ఉన్నంత చాలు. మాగ్పై ఒకవైపు మోసుకుపోతుంటే ఇంకోవైపు ఎవరో బాక్టీరియాకి భోజనం పెడుతున్నారు. కోపంగా తలెత్తి చూసింది.

ఎదురుగా జారడ్ ట్రెలోర్ ఉన్నాడు. వాడి ముక్కు తెల్లగా మెరుస్తోంది.

జారడ్ ఆ పక్క బల్ల వాడు. వాడూ డాక్టరే, చెయ్యి నిదానం, నోరు దురుసు. వేసవంతా పొద్దున్నే సెమఫోర్ బీచిలో ఈతగాళ్ళకి కాపలా కాసి, తల తడారకుండానే లాబ్‌కి వచ్చేవాడు. ఎండకి కాలకుండా ముక్కు మీద అంగుళం మందాన జింకు పూత. మన ఊళ్ళో క్రికెట్టాడేవాడూ, ఈతకెళ్ళేవాడూ, కంచె కట్టుకునేవాడూ అందరూ పూసుకునేదే. అయితే బాక్టీరియాకి జింకు అందకుండా చెయ్యడమే పనిగా పెట్టుకున్న గదిలోకి ముక్కు మీద జింకు కుప్ప పెట్టుకుని వచ్చేవాణ్ణి ఏమనాలి?

టామ్సిన్ అనాల్సిందంతా అంది. నేను మొత్తం చెప్పను. సారాంశం ఏమిటంటే, ఇన్నాళ్ళూ ఆమె జీవితాన్ని వాడు ముక్కు మీద మోసుకొచ్చి నాశనం చేస్తున్నాడని.

జారడ్ నిదానంగా విన్నాడు. తర్వాత తన ముక్కుకీ ఆమె ప్లేటుకీ మధ్య ఎంత దూరం ఉందో చేతులు చాపి చూపించాడు. తన ముక్కు గొప్పదే కానీ అంత గొప్పది కాదన్నాడు. అయినా మర్నాటి నుంచి కడుక్కుని వచ్చాడు. ప్లేటు తేటగా వచ్చింది. టామ్సిన్ ఆ ప్లేటుని లాబ్ అంతా తిప్పి చూపించింది. జారడ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. ఆ మర్నాడు మబ్బు.

ఇక మొదలైంది వేట.

ముందు తలుపు మీద కాగితం వెలిసింది, జింకు పూతలు లోపలికి రాకూడదని. వారం తిరక్కుండా ఆ కాగితం కింద ఇంకో కాగితం, దాని కింద మరొకటి. చుండ్రు షాంపూ వాడేవాళ్ళు చేతులెత్తాలి. ఇద్దరు ఎత్తారు, ఒకాయన అప్పటిదాకా తనకి చుండ్రు లేదని అందరికీ చెప్పుకున్నవాడు. జలుబు చేస్తే చప్పరించే జింకు మాత్రలు బంద్. రబ్బరు బ్యాండ్లు బంద్. నేల తుడిచేవాళ్ళ జింకు పూసిన రేకు బకెట్టుని టామ్సిన్ స్వయంగా మెట్ల మీంచి కిందకి దొర్లించింది; ఆ చప్పుడికి నేను గుండెపోటనుకున్నాను. కాన్ పుట్టినరోజుకి వాళ్ళ బావమరిది కాఫిన్ బే నుంచి ఆయిస్టర్లు, అంటే పచ్చిగా తినే సముద్రపు చిప్పలు, పంపాడు. తిండిలో జింకు వాటిలో ఉన్నంత ఇంకెందులోనూ ఉండదట. అంత పెద్ద ప్రొఫెసరూ కార్ల షెడ్డులో, తన కారు బానెట్ మీద నిమ్మకాయ పెట్టుకుని, ఒక్కడే నిలబడి అన్నీ తిన్నాడు. లోపలికొచ్చే ముందు పళ్ళు తోముకోమని టామ్సిన్ అంది. తోముకున్నాడు.

ఇంతా చేస్తే ప్లేట్లకి చీమ కుట్టినట్టయినా లేదు. తేట, మబ్బు, మబ్బు, తేట.

ఇంట్లో పరిస్థితి కూడా ఏమంత బాగాలేదు. టామ్సిన్‌కి నెలల పిల్లాడు, విల్ఫ్. మొగుడు ఆంటన్ గ్లెనెల్గ్ ట్రామ్ నడుపుతాడు. వాడికి ఒకరోజు తెల్లారగట్ల బండి, ఒకరోజు మధ్యాహ్నం బండి, ముందుగా చెప్పడానికి లేదు. వాడికి పొద్దున బండి ఉంటే పిల్లాణ్ణి డేకేర్‌లో దింపే పని ఈమెది. పిల్లాడికేమో డైపర్ కట్టిన చోటల్లా ఎర్రగా పొక్కింది, దింపే ముందు మార్చి, తుడిచి, పూసి, కట్టి, వాడి ఏడుపు ఆపి, పరుగున లాబ్‌కి వచ్చేసరికి జారడ్ అప్పటికే సగం పని ముగించి ఈల వేస్తూ ఉండేవాడు. ఆ ఈల విన్నప్పుడల్లా ఆమెకి కణతలు నొప్పెట్టేవి.

వాడి ముక్కు సంగతి కూడా చెప్పాలి. కాపలా పని మానలేదు, పూత మానేశాడు. టోపీ ఉంది కానీ సముద్రం మీంచి కొట్టే ఎండకి టోపీ ఏం ఆపుతుంది? ముక్కు ముందు ఎర్రబడింది, తర్వాత బొబ్బలెక్కింది, తర్వాత ఉల్లిపాయలా పొరలు పొరలుగా లేవడం మొదలెట్టింది. అది చూసిన ప్రతివాడూ టామ్సిన్ వంక చూసేవాడు. ఆమెకది ఇంకో చిరాకు. రాత్రికి రాత్రి ఒక మనిషి ముక్కు తినేసినదానిలా తనని చూస్తున్నారు, కానీ ఆ ముక్కు ఇంటికెళ్ళాక పూత పూసుకుని ఇక్కడికి రావడం లేదని ఎవరు చూడొచ్చారు?

చివరికి ఆ మాట పైకే అనేసింది. టీ గదిలో, అందరి ముందూ.

జారడ్ కప్పు కిందపెట్టాడు. వాడు అరుస్తాడనుకున్నారు అందరూ. అరవలేదు.

"సరే టామ్. అనుమానాలెందుకు, కొలుద్దాం. యంత్రం ఉంది కదా. శుభ్రమైన నీళ్ళ ట్యూబుల్లో అందరం వేళ్ళు ముంచుదాం. నేను, కాన్, కింద తాళాలాయన, అందరం. నువ్వూ."

"నేనెందుకు?"

"నీకూ వేళ్ళున్నాయి కాబట్టి."

నవ్వారు. టామ్సిన్ కూడా నవ్వాలని చూసింది, ముఖం సహకరించలేదు. నాకేం భయం, రేపు పొద్దున రాగానే పెట్టండి, అందరికంటే ముందు నాదే, అంది.

మర్నాడు పొద్దున ఆమె పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ట్యూబులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కరూ వచ్చి వేళ్ళు ముంచారు. నన్నూ పిలిచారు. నేను ముంచుతూ, ఇదంతా దండగ, ఎవరి దగ్గరుందో నేను వాసన చూసి చెప్పేస్తాను కదా అన్నాను. జారడ్ దగ్గరికెళ్ళి గట్టిగా పీల్చి, ఇదిగో వీడే అన్నాను కూడా. టామ్సిన్‌కి నా మాట బాగా నచ్చింది.

ఫలితం మధ్యాహ్నానికి వచ్చింది. కాన్ చదివాడు. జారడ్ నీళ్ళు వాననీళ్ళంత శుభ్రం. కాన్‌వి ఫరవాలేదు. పైనుంచి రెండోది, అందరికంటే ఎంతో ఎక్కువగా ఉన్నది, నాది. నాకు కట్టుడు పళ్ళు. వాటిని చిగుళ్ళకి అంటించే జిగురు పొద్దున్నే వేలితో రాసుకుంటాను. ఆ జిగురు నిండా జింకేనట. ఊళ్ళో జింకంతా వాసన పడతానన్నవాడు అన్నేళ్ళుగా దాన్ని నోట్లోనే పెట్టుకు తిరుగుతున్నాడు. మొదట్లో మీకు చెప్పిన గొప్పలు కొట్టేసుకోండి, నేనేమీ అనుకోను. ఆరోజు నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను, పళ్ళు ఊడిపోకుండా పట్టుకుని మరీ.

మొదటిది టామ్సిన్‌ది. యంత్రం కొలవగలిగిన చోటు దాటి పైకి పోయింది. నా జిగురు దాని పక్కన లెక్కలోకి రాదు.

 టామ్సిన్ కాగితం లాక్కుని చూసింది. ట్యూబులు మారిపోయాయంది. యంత్రం చెడిపోయిందంది. ట్యూబుల్ని వరసలో పెట్టిందెవరని అడిగి, జారడ్ అని తెలిశాక, ఆహా, అంది. ఆ 'ఆహా'తో చెప్పాల్సిందంతా చెప్పేసి సంచి తీసుకుని వెళ్ళిపోయింది. కాన్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. మెల్‌బోర్న్ వాళ్ళు వచ్చే వారమే.

డేకేర్‌కి వెళ్ళేదాకా దారంతా టామ్సిన్ జారడ్‌తో వాదించింది, వాడు పక్కన లేకపోయినా. పిల్లాడికి బట్ట మార్చాల్సి వచ్చింది. ఒక చేత్తో వాడి రెండు కాళ్ళూ ఎత్తి పట్టుకుంది. రెండో చేత్తో ట్యూబు మూత తీసి, తెల్లటి పూత వేళ్ళ మీదకి పిండుకుంది. పిల్లాడి పిరుదుల మీద రాసింది. ఇంకా కాస్త పిండుకోబోతూ, రోజూ చూసే ఆ ట్యూబుని, ఎందుకో, చూసింది.

జింకు అని దాని మీద బొటనవేలంత అక్షరాల్లో ఉంది. ఎంత శాతం ఉందో కూడా ఉంది. దాదాపు సగం.

ఊరందరి షాంపూ సీసాల వెనక సన్నక్షరాలు చదివిన మనిషి. రేకు బకెట్టుని మెట్లమీంచి తోసిన మనిషి. జింకు గురించి ఆమె రాసిన వ్యాసాలు జపాన్‌లో కూడా చదువుతారట. కానీ ఆ చదువంతా లాబ్ తలుపు దగ్గర మొదలై లాబ్ తలుపు దగ్గరే అయిపోయేది. డేకేర్‌లో ఆమె విల్ఫ్ వాళ్ళమ్మ. విల్ఫ్ వాళ్ళమ్మకి అది పొక్కుల మందు, అంతే.

చేతులు కడుక్కుంటుంది, ఎందుకు కడుక్కోదు. కానీ పెళ్ళి ఉంగరం కింద మిగిలేది. గోళ్ళ వారన మిగిలేది. లాబ్‌కి వచ్చి గ్లౌజులు వేసుకునేటప్పుడు ఆమెకో అలవాటు. వేలివేలి కొననీ రెండో చేతి వట్టి వేళ్ళతో పట్టుకుని, చక్కగా నిటారుగా లాగి సరిచేసుకునేది. గ్లౌజు వేళ్ళు ముడతపడి ఉంటే ఆమెకి పని సాగదు. చెయ్యి శుభ్రంగా ఉండాలనే గ్లౌజు. ఆ గ్లౌజు పైకొనలకే రోజూ శ్రద్ధగా జింకు అద్ది, అవే వేళ్ళతో ప్లేటు గుంటల్లోకి మందు పోసే గొట్టాలన్నీ అమర్చేది. బాక్టీరియాకి తానే అన్నం పెట్టి, ఊరంతా తిరిగి దొంగని వెతికింది. ఆంటన్ పిల్లాణ్ణి దింపిన రోజుల్లో పెట్టిన ప్లేట్లు తేట. ఈమె దింపిన రోజుల్లో పెట్టినవి మబ్బు. ట్రామ్‌ల వేళల్ని బట్టి బాక్టీరియా బతికింది.

పిల్లాడి కాళ్ళు అలాగే పట్టుకుని టామ్సిన్ ఒక మాట అంది. అది డేకేర్ గోడల మధ్య ఎన్నడూ వినిపించని మాట. అక్కడి పెద్దావిడ వచ్చి, ఇక్కడ పిల్లలు నేర్చుకునే వయసులో ఉన్నారండీ, అని చెప్పాల్సి వచ్చింది. విల్ఫ్ మాత్రం కిలకిలా నవ్వి, ఆమె చొక్కా మీద ఉచ్చ పోశాడు.

మర్నాడు కాన్ గదిలో ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చెబుతున్నంతసేపూ ఆయన్ని కాక గోడ మీది గడియారాన్ని చూసింది. కాన్ నవ్వు ఆపుకోడానికి దగ్గాడు, దగ్గి దగ్గి నిజంగానే పొలమారింది. తర్వాత అసలు విషయానికి వచ్చాడు. మూడు ప్లేట్లు పెట్టడానికి సరిగ్గా సమయం ఉంది. నాలుగోదానికి లేదు. ఉంగరం తీసేస్తాను, మోచేతులదాకా కడుక్కుంటానని టామ్సిన్ అంది. కాన్ తల అడ్డంగా ఊపాడు.

"నీ చెయ్యి పడితే మెల్‌బోర్న్ వాళ్ళు మొదట అడిగేది అదే. మాగ్పై ప్లేటు నువ్వు ముట్టుకోకూడదు. దాన్ని పట్టుకోవడం తెలిసి, చేతులు శుభ్రమని యంత్రం చెప్పినవాడు ఈ అంతస్తులో ఒక్కడే ఉన్నాడు. వెళ్ళి అడుగు."

అడగడం కంటే కింది సొరుగులో తానే పడుకోవడం మేలనిపించింది ఆమెకి. వరండాలో ఆ చివరికి వెళ్ళింది, ఈ చివరికి వచ్చింది. ఫ్రీజర్ ముందు కాసేపు నిలబడింది. అన్నేళ్ళ చాకిరీ ఆ మంచులోకి పోతుందా, లేక వెళ్ళి రెండు మాటలు అంటుందా. రెండు మాటలే. బరోస్సాలో వాళ్ళ తాత ఒక మనిషికి క్షమాపణ చెప్పాల్సి వచ్చి, దానికి బదులు ఊరు మారిపోయాడట. ఈమెకి మారడానికి ఇంకో లాబ్ లేదు.

జారడ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. వాడు తలెత్తాడు. ముక్కు మీద కొత్త చర్మం గులాబీరంగులో మెరుస్తోంది, పిల్లాడి పిరుదుల్లాగే ఉందనిపించి ఆమెకి ఇంకా సిగ్గేసింది.

"నాదే తప్పు," అంది. "పిల్లాడి మందు. నా వేళ్ళే."

"తెలుసు. కాన్ దగ్గు ఇక్కడిదాకా వినిపించింది."

"మూడు ప్లేట్లు నువ్వు పెట్టాలి జారడ్. నేను ముట్టుకోకూడదట."

వాడు ముక్కు మీది కొత్త చర్మాన్ని నిదానంగా తడుముకున్నాడు. ఆ కాసేపట్లో టామ్సిన్ మనసులో మాగ్పైని రెండుసార్లు పాతిపెట్టింది.

"పెడతాను," అన్నాడు. "కానీ తలుపు మీద కాగితాలన్నీ నువ్వే పీకాలి. అందరూ చూస్తుండగా. ఇంకోటి, నేను పని చేస్తున్నంతసేపూ నువ్వు ఆ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుంటావు. చేతులు జేబుల్లో. నోట్లోంచి మాట రాకూడదు."

మొదటిది సులువే. కాగితాలు పీకింది, అంటించిన టేపు గోళ్ళతో గీకింది. రెండోది నరకం. వాడు గ్లౌజు మణికట్టు దగ్గర మాత్రమే పట్టుకుని వేసుకున్నాడు. కొనలు ముడతలు ముడతలుగా, కోడి కాళ్ళలా ఉన్నాయి. ఆ కొనలని సరిచెయ్యాలని టామ్సిన్ వేళ్ళు జేబుల్లో కొట్టుకున్నాయి. వాడు తిండి పోసేటప్పుడు ఈల వేశాడు. మాగ్పై సీసా మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. ఆమె తాను పోసే దానికి సగం వేగంతో, ఒక్కో వరసా ముద్దు చేస్తున్నట్టు పోశాడు. పెదవులు కొరుక్కుంటూ చూడటం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేదు. ఒకసారి, ఆ వరస కాదు, అని నోరు తెరవబోయింది. వాడు పక్కకి చూడకుండానే, స్టూలు, అన్నాడు. మూసుకుంది.

మొదటి ప్లేటు తేటగా వచ్చింది. ఎవరూ పని ఆపి చూడలేదు. ఇదివరకూ వచ్చిందేగా. రెండోది తేటగా వచ్చింది. అప్పటికి పక్క లాబ్ వాళ్ళు కూడా ఏదో పని ఉన్నట్టు ఆ వరండాలో తిరగడం మొదలెట్టారు.

మూడో పొద్దున ఆంటన్‌కి తెల్లారగట్ల బండి. పిల్లాణ్ణి ఆమే దింపింది, పొక్కుల మందు ఆమే రాసింది, వేళ్ళు తుడుచుకోకుండానే వచ్చి స్టూలెక్కి కూర్చుంది. ఎలాగూ ముట్టుకోదు కదా. జారడ్ వెచ్చటి పెట్టె తెరిచి ప్లేటు తీసి కిటికీ వెలుతురుకి ఎత్తాడు. టామ్సిన్ కూర్చున్న చోటికి ఒక వరస కనిపించింది. తెల్లగా, చిక్కగా, మబ్బు.

అయిపోయింది, అనుకుంది. కళ్ళు మూసుకుంది. ఆ సొరుగుని తన్నడం కూడా తానే చేస్తానని అడగాలనుకుంది.

"ఏమ్మా డాక్టరమ్మా," జారడ్ గొంతు వినిపించింది, "మందు పొయ్యని వరస కూడా చావాలంటావా?"

ప్రతి ప్లేటులోనూ ఒక వరసకి మందు పొయ్యరు. బాక్టీరియా అసలు బతికుందని తెలియడానికి. అది మబ్బుగా ఉంటేనే పరీక్ష నిజమైనట్టు. అన్నేళ్ళుగా ఆమె చేతులతో ఆమే పెట్టిన వరస అది. మిగతా ప్లేటంతా, ఈ చివర నుంచి ఆ చివరకి, తాగేనీళ్ళంత తేటగా ఉంది.

కాన్ వచ్చి ప్లేటు పట్టుకుని ఎండలోకి తిప్పి తిప్పి చూశాడు. అక్కడే నిలబడి మెల్‌బోర్న్‌కి ఫోన్ చేశాడు. మా పక్షి ఎగురుతోంది, మీది సొరుగులో పెట్టుకోండి, అన్నాడు. కాస్త మర్యాదగా అన్నాడని తర్వాత తనే చెప్పుకున్నాడు. మాగ్పై ఎలకల దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఎన్ని తంటాలు పెట్టిందో చెప్పాలంటే ఇంకో కథ కావాలి.

ఆరోజు మధ్యాహ్నం టీ గదిలో, అందరూ చూస్తుండగా, టామ్సిన్ సంచిలోంచి విల్ఫ్ మందు ట్యూబు తీసింది. మూత తిప్పి, వేలి మీదకి ఇంత పిండుకుని, ఒక్క మాట లేకుండా జారడ్ ముక్కు మీద ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా పూసింది. వాడు కదలకుండా నిలబడి పూయించుకున్నాడు. కాన్ కళ్ళు తుడుచుకున్నాడు.

ఈ ఆఖరి ముక్క నేను కల్పించింది. మిగతాదంతా జరిగిందే, నా పళ్ళ జిగురు సాక్షి. అసలైతే ఆమె ఆ ట్యూబుని వాడి బల్ల మీద విసిరేసినట్టు పడేసి, నీ ముక్కు చూడలేక చస్తున్నాను, పూసుకుని తగలడు, అని వెళ్ళిపోయింది.